ఆయమ్మ టీవీలో అనని మాట

ఆ మాట ఆయమ్మ టీవీలో అనలేదు. నాతో విడిగా అన్నదాన్ని నేను కోసి కార్యక్రమంలో అతికించాను. ఇంత చిన్న సంగతి చెప్పడానికి నాకు ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ హిందూపురం ఆమెను ఇండ్లలో దూరి గుట్లు మోసే మనిషి అంది. నేను విన్నాను. టీ బంకు దగ్గర గ్లాసు చేతిలో పట్టుకుని విన్నాను. ఒకసారి ఎవరో "అంతే కదప్పా?" అని నా వైపు తిరిగితే తల కూడా ఊపాను.

పోయిన వేసవిలో ఆమె చనిపోయింది. నాకు ఎవరూ ఫోను చేసి చెప్పలేదు. సర్కిల్లో కట్టిన ఫ్లెక్సీ చూసి తెలుసుకున్నాను. చేతులు జోడించి నిలువెత్తున మా ఊరి నాయకుడు. ఆయన చుట్టూ అనుచరుల ముఖాలు. కింద మూలన, పాస్‌పోర్టు ఫోటో అంత, ఆమె. "నవ్వుల తల్లికి కన్నీటి నివాళి" అని రాసి, కల్యాణ మండపంలో సంతాప సభ అని వేశారు. ఆ చిన్న ఫోటో నా కార్యక్రమంలోంచి తీసిందే.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కోపం వచ్చింది. ఈ ఊళ్లో ఆమెకు తలుపులన్నీ మూయించిన మనిషి ఆమె చావుకు తన బొమ్మ వేసుకున్నాడు. అయితే ఆ కోపం ఆయన మీద ఎంతోసేపు నిలవలేదు. ఆయన తలుపులు మూయించింది నేను చేతికందించిన మాటతోనే.

ఆమెది ధర్మవరం. ఇంట్లో మగ్గం ఉంది కానీ దాని మీద ఆమె కూర్చునేది కాదు. "కుచ్చోని నేసేది మా ఆయప్ప, తిరిగి అమ్మేది నేను. ఇద్దరం ఒకే తావున కుచ్చుంటే పోట్లాటే" అనేది. పొద్దున్నే చీరల మూటతో పాసింజరు రైలెక్కి, పెనుకొండ మీదుగా హిందూపురం వచ్చేది. వీధి వీధీ తిరిగేది. ఏ ఇంటికి పోయినా మూట విప్పేది కాదు. గడప పక్కన చతికిలబడి ముందు వక్కాకు అడిగేది. చక్కెర ఎక్కువేసిన టీ అడిగేది. రైల్లో విన్నవి, నిన్నటి వీధిలో చూసినవి చెప్పేది. ఆడవాళ్లు పనులు వదిలి చుట్టూ చేరాక, ఇక చాలన్నట్టు, అప్పుడు ముడి విప్పేది.

ఆమెకు ఇంకో అలవాటుండేది. ఎదురుగా ఎవరున్నా వాళ్ల బట్టను రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూసేది. పరిచయం ఉందా లేదా అని చూసుకునేది కాదు. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నా చొక్కా చేయి పట్టుకుని, "ఎవురప్పా నీకు ఇది అంటగట్టింది?" అంది. మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ చొక్కా నేను మళ్లీ వేసుకోలేదు.

ఆ రోజే మా ఇంట్లో టీవీలో వార్తలు నడుస్తున్నాయి. పార్టీ మారిన ఒక పెద్దమనిషి కొత్త కండువా వేసుకుని మాట్లాడుతున్నాడు. ఆమె మా ఆవిడకు చీర చూపిస్తూనే టీవీ వైపు గడ్డం ఎత్తింది.

"ఈయప్ప నిన్నటిదాకా వేరే రంగు గదా? ఇంత బిరీన రంగు దిగితే నా చీర ఒక్కటి గూడా ఎవరూ కొనరు తల్లీ."

నేనప్పుడు హిందూపురంలో చిన్న లోకల్ కేబుల్ చానెల్ నడుపుతుండేవాణ్ని. ఒక అంగడి మేడ మీద రెండు గదులు. కెమెరా నేనే, ఎడిటింగు నేనే. భక్తి పాటలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, బట్టల షాపుల ప్రకటనలు, అంతే సరుకు. ఆమె మాట వినగానే, ఇది కెమెరా ముందు చెప్పక్కా అన్నాను.

"కెమెరా ముందర నేనేం చెప్పాల? చీరలమ్ముకునేదాన్ని."

"చీరలే అమ్మక్కా."

అలా మొదలైంది. ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చే ఆ కార్యక్రమం పేరు 'చీరల మూట'. నేను కుర్చీ వేయించాను, ఆమె కూర్చోలేదు. నేల మీదే కూర్చుని మూట విప్పేది. ఒక్కొక్క చీర తీసి ఒక్కొక్క వార్త చెప్పేది. రాసిచ్చిన కాగితాలు లేవు, రెండోసారి తీయడాలూ లేవు.

"ఇది ఎన్నికల చీర తల్లీ. అంగట్లో లైటు కింద చూస్తే అంతా జరీ. ఇంటికి తీసకపోయి ఎండలో చూస్తే అంతా నూలు. వాపసు తీసుకుంటావా అంటే, మళ్లీ ఎన్నికలకు రాపో అంటారు."

"ఇది నీళ్ల పథకం చీర. ఉతికే పనే ల్యా. యాలంటే నీళ్లే రావు గదా."

"ఇది మన వీధి రోడ్డు. అంచు చూడు, ఎంత బాగుండాదో! నడుమ మాత్రం గుడ్డే ల్యా."

తను నవ్వేది కాదు. చీర నిజంగానే అమ్ముతున్నంత గంభీరంగా ఉండేది. నవ్వు మరీ ముంచుకొస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. ఆదివారం సాయంత్రం పాల అంగడి ముందు మనుషులు పాలు పోయించుకోవడం మరచి టీవీ చూడటం నేను నా కళ్లతో చూశాను. తను మాత్రం ఒక్కసారి కూడా చూసుకోలేదు. "నా మొగం నాకు తెల్సులే" అనేది.

ఆమె పనితీరులో నాకు విసుగు పుట్టించింది ఒకటుంది. ఆదివారం ఎవరి గురించి చెప్పాలనుకుందో వాళ్లింటికి ఆ వారంలోనే పోయి, వాళ్ల ఎదురుగా, టీవీలో చెప్పబోయేదంతా చెప్పి వచ్చేది. పెద్దవాళ్ల ఇండ్లలోని ఆడవాళ్లు ఆమె దగ్గరే చీరలు కొనేవాళ్లు కాబట్టి ఏ గేటూ ఆమెను ఆపలేదు. ఒక కౌన్సిలరు ఇడ్లీ తింటుంటే ఎదురుగా కూర్చుని, రోడ్డు చీర విప్పి చూపించిందట. ఆయన ప్లేటు తోసేశాడు.

"నువ్వట్ల చెప్తే నేను ఊరుకుంటానా?"

"ఊరుకోవద్దు నాయనా. నువ్వూ రా. పక్కన కుచ్చో. ఇద్దరం కలిసి అమ్ముదాం."

ఆదివారం లోపే ఆ రోడ్డు గుంతలో మట్టి పడింది. షూటింగు అయిపోయాక ఆ సంగతి తెలిసి, "ఆయప్ప పని చేసినాడప్పా, ఆ చీర తీసేయ్" అంది. నాకు మండిపోయింది. ఆ వారానికి అదే మంచి ముక్క.

"టీవీ అంటే ఇంత మర్యాద పనికిరాదక్కా" అన్నాను.

"మర్యాద యాడిదబ్బా? వాని ముందర అనేకి నాకు నోరు రాకుంటే, వాడు లేని తావున అనేకి నోరెట్ల వస్తాది?"

ఇంకొకటి కూడా ఆమె మొదట్లోనే చెప్పింది. వసారాలో మగవాళ్లు మాట్లాడింది టీవీకి. వంటింట్లో ఆడవాళ్లు చెప్పుకున్నది తన కడుపులోకి. ఏ వీధిలో ఏ కోడలు ఎందుకు ఏడ్చిందో, ఏ ఇంట్లో మగాడు ఏం చేశాడో ఆమెకు తెలియనిది లేదు. అందులో ఒక్క ముక్క కూడా అంతకాలం బయటికి రాలేదు. ఆమె బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచేది. చీర ధర్మవరంలో ఏ అంగట్లోనైనా దొరుకుతుంది. హిందూపురం ఆడవాళ్లు తలుపు తీసింది ఆమెకు.

అప్పుడు మా నాయకుడికి నీతి గుర్తొచ్చింది. ఊరంతా 'అన్న' అని పిలిచే మనిషి ఆయన. ఒక కాలేజీ ఫంక్షన్లో మైకు పట్టుకుని, గార్మెంట్సు కంపెనీలకు పోయే ఆడపిల్లలు ఫోన్లు చేతబట్టి ఊరి పరువు తీస్తున్నారని, తల్లిదండ్రులు వాళ్ల నడత చూసుకోవాలని చెప్పాడు. పిల్లల చేత చప్పట్లు కొట్టించాడు. మర్నాడు ఆమె మూట నా గదిలో పడేసి, "పా" అంది. ఆ రోజు నేనూ వెంట పోయాను.

నాయకుడు వసారాలో పదిమంది మధ్య కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"ఏమక్కా, ఈ వారం నా వంతా?"

ఆమె జవాబు చెప్పకుండా దగ్గరికి పోయి ఆయన తెల్ల చొక్కా చేయి రెండు వేళ్లతో పట్టి నలిపింది.

"ఖద్దరని చెప్పి ఇచ్చినారా నాయనా నీకు? సగం పాలిస్టరు."

ఆమె ఆగలేదు.

"ఆడపిల్లోళ్ల నడత గురించి మాట్లాడినావంట. ఆ పిల్లలు చీకట్లో లేసి, నీళ్లు పట్టి, అన్నం వండి కంపెనీ బస్సెక్కుతారు. సాయంత్రం బస్సు రాకపోతే వాళ్లమ్మకు ఫోను చెయ్యకుండా ఎట్ల చెప్పాల? నువ్వు కారేసుకోని పోయి చెప్తావా? వాళ్లను ఎంటబడి ఏడిపించే మగపిల్లోళ్ల నడత గురించి ఒక్క మాటన్నా అంటివా? ఆదివారం ఇదే చెప్తా. నీ చొక్కా సంగతి గూడా చెప్తా."

ఆయన గట్టిగా నవ్వాడు. "చెప్పుకోక్కా. నీ నోటికి అడ్డమెవురు?" అన్నాడు. ఆయన నవ్వాక మిగతావాళ్లూ నవ్వారు.

గదికి తిరిగొచ్చి నేను మైకు సరిచేస్తున్నాను. కెమెరా ఆన్ చేసే ఉంది. ఆమె ముడి విప్పుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నాయకుడి కోడలు అప్పటికి కొన్నాళ్లుగా పెనుకొండలో పుట్టింట్లో ఉంది. ఎందుకు పోయిందో ఆయమ్మకు ఆ ఇంటి వంటింట్లో తెలిసింది. ఆ కారణం నాతో చెప్పింది. తమాషాకు చెప్పలేదు. గొంతు జీరబోయింది. ఇంట్లో పిల్లను అంత గతి పట్టించినోడు ఊళ్లో పిల్లలకు నీతి చెప్తాడా అని కడుపు మండి చెప్పింది. "నీకు చెప్తాండా, అంతే. కడుపులో పెట్టుకో" అంది. తను పెట్టుకున్న నియమాన్ని ఆమె తప్పింది ఆ ఒక్కసారే. ఆమె చెప్పిన కారణం ఇక్కడ కూడా రాయను. ఒకసారి నేను దాన్ని ఊరికి వినిపించింది చాలు.

ఎడిటింగులో ఆ ముక్క మళ్లీ విన్నాను. విని కోశాను. "కడుపులో పెట్టుకో" అన్నది తీసేశాను. గొంతు జీరబోయిన చోటు కూడా తీసేశాను. మిగిలిన ఒక్క వాక్యాన్ని చొక్కా మాట వెనక తగిలించాను. పైన పదిమంది ఒక్కసారి నవ్వే శబ్దం వేశాను. అంతకుముందు ఎప్పుడూ ఆమె మాటలకు నవ్వు వేయాల్సిన పని పడలేదు. ఎందుకు చేశానని అడిగితే గొప్ప కారణమేమీ లేదు. ఊరు నా చానెల్ గురించి మాట్లాడుకోవాలి. అంతే.

ఊరు మాట్లాడుకుంది. ఆదివారం నవ్వింది, సోమవారానికి నీతి పట్టుకుంది. నాయకుడు చొక్కా ఊసెత్తలేదు, కంపెనీ పిల్లల ఊసెత్తలేదు. "నన్నేమన్నా పడతా. మా ఇంటి ఆడబిడ్డ పరువు బజార్న పెట్టింది" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నిన్నటిదాకా ఆయనను చూసి నవ్విన జనమే ఆయనను ఓదార్చడానికి పోయారు. ఆ కోడల్ని ఓదార్చడానికి పెనుకొండకు ఒక్కరూ పోలేదు. రాజకీయాల మీద ఎంత వెటకారమైనా ఈ ఊరికి చెల్లుతుంది. ఒక ఆడమనిషిని తిట్టే అవకాశం దొరికితే మాత్రం దాని ముందు అన్నీ బలాదూరే. మగవాళ్లకు ఆమె నోరు అప్పటికే గిట్టదు. ఆడవాళ్లు భయపడ్డారు. అది నేను అర్థం చేసుకోగలను. ప్రతి వంటింట్లోనూ ఆమె ముందు విప్పిన మాటలున్నాయి. "మా ఇంటి సంగతి రేపు టీవీలో పెడ్తావు, పోమ్మా" అని గడప మీది నుంచే తిప్పి పంపారు.

ఆమె నా గది మెట్లెక్కి వచ్చింది. మూట దించలేదు.

"ఏమప్పా, అది ఎట్ల పోయింది?"

"పొరపాటున పోయిందక్కా."

ఆమె మూటను ఇంకో చంకకు మార్చుకుంది.

"నవ్వు గూడా పొరపాటునే పడిందా?"

నేను మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాను.

"సరే. వచ్చే ఆదివారం నువ్వు కుచ్చోని చెప్పు. ఆయమ్మ టీవీకి చెప్పింది కాదు, నేనే పెట్టినా అని. ఇంకేమీ వద్దు నాకు. నా ఇండ్లు నాకు కావాలప్పా."

చెప్తానక్కా అన్నాను. అదే వారం నాయకుడి మనిషి వచ్చాడు. కేబుల్ తీగలు ఎవరెవరి స్తంభాల మీదుగా పోతున్నాయో ఒక్కొక్కటిగా గుర్తు చేశాడు. ఆ కార్యక్రమం ఆపేస్తే చాలు, నీ జోలికి ఎవరూ రారు అన్నాడు. ఆదివారం తెర మీద 'అనివార్య కారణాల వల్ల' అని వేసి, భక్తి పాటలు పెట్టాను. భయపడ్డానని చెప్పుకుంటే కొంత నిజం. మిగతా నిజం ఏమిటంటే, ఊరు ఆమెను తిడుతున్నంత కాలం నన్ను తిట్టదు. ఆ సౌకర్యం నాకు బాగుంది.

కొన్నాళ్లు ఆమె వీధుల్లో తిరగడం కనిపించింది. తర్వాత హిందూపురంలో దిగడమే మానేసింది. ఒక్కసారి పెనుకొండ స్టేషన్లో చూశాను. నేను రైల్లో కిటికీ పక్కన ఉన్నాను. ఆమె ప్లాట్‌ఫారం మీద మూట పక్కన నిలబడి ఉంది. నన్ను చూసి కిటికీ దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"బాగుండావా అబ్బా? పిల్లోళ్లు బాగుండారా?"

"బాగుండారక్కా."

రైలు కదల్లేదు. కడ్డీల మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. నేను ఫోను తీసి ఏదో చూస్తున్నట్టు కూర్చున్నాను. అంతకంటే నీచమైన పని నా బతుకులో ఇంకోటి లేదు, ఆ నవ్వు శబ్దం వేయడం తప్ప.

తర్వాత లోకల్ కేబుల్ మూతపడింది. ఇప్పుడు టీవీల్లో హాస్యం చూస్తుంటాను. మీసాలు గొరిగి చీర కట్టిన మగవాడు, వాడి నడుము మీద నాలుగు జోకులు, పక్కన కూర్చున్నవాళ్లు కుర్చీల్లోంచి పడిపడి నవ్వడం. ఒక్క మంత్రి పేరు రాదు. ఒక్క రోడ్డు ఊసు రాదు. చూసి పళ్లు నూరుకుంటాను. కానీ తిట్టే అర్హత నాకేముంది? ముఖం మీద చెప్పగల మనిషి నా గదిలో నేల మీద కూర్చుంటే, ఆమెను పోగొట్టింది నేను.

ఫ్లెక్సీ చూసిన సాయంత్రమే నాయకుడి మనిషి ఫోను చేశాడు. "అన్న చెప్పమన్నాడప్పా. ఆయమ్మను టీవీలో చూపిచ్చింది నువ్వే గదా. సభలో రెండు మాటలు మాట్లాడు." సరే అన్నాను. అన్నాక కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. ఆయమ్మ మీద పడిన మచ్చ కడగడానికి నేను నోరు తెరిస్తే, ఆ కోడలి సంగతి మళ్లీ ఊరి నోట్లో పడుతుంది. ఆ కోడల్ని అడక్కుండా చెప్పే హక్కు నాకు లేదు. పెనుకొండ పోయాను.

ఆ కోడలు ఇప్పుడు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. గడప దగ్గరే నిలబెట్టి మాట్లాడింది. నేను జరిగిందంతా చెప్పాను. ఆమె ముఖం మెల్లగా మారింది.

"ఆయమ్మ ఆ వారమే వచ్చింది సార్. మీరు నిలబడిన తావునే నిలబడింది. 'నా నోట్లోంచే వచ్చింది తల్లీ, తప్పు నాదే' అనింది. మీ పేరు చెప్పలేదు. నేను ఆమె మొగం మీదనే తలుపేసినా."

తర్వాత అడిగింది. "ఇన్నేండ్లూ ఏం చేస్తాంటిరి సార్?"

నిజమే చెప్పాను. "ఇండ్లకు సీసీ కెమెరాలు బిగిస్తుంటానమ్మా."

"మీరా? ఇండ్లకా?"

ఆ రెండు మాటలు నన్ను కొట్టినట్టు తగిలాయి. తలదించుకునే అడిగాను. సభలో చెప్పాలనుకుంటున్నాను, మీకు మళ్లీ కష్టం అవుతుందేమోనని వచ్చాను అన్నాను.

"నా ఊసు ఎత్తద్దండి. మీ పేరు ఎత్తి చెప్పండి. ఆయప్ప ముందరే చెప్పండి." తలుపు వేసుకుంది.

సభలో నాయకుడు చాలాసేపు మాట్లాడాడు. ఆయమ్మ మా ఇంటి ఆడబిడ్డ లాంటిది అన్నాడు. పక్క కుర్చీలో ఆమె భర్తను కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఆయన ఆ శాలువాను ఒంటి మీద ఎవరిదో బట్టలా మోస్తున్నాడు. వెనక వరసల్లో ఒకప్పుడు ఆమె దగ్గర చీరలు కొన్న ఆడవాళ్లు, నాకు ముఖాలు తెలిసినవాళ్లు, చాలామందే ఉన్నారు. నన్ను పిలిచారు. మైకు పట్టుకుని నా పేరు చెప్పాను, మా వీధి పేరు చెప్పాను.

"ఆ ఆఖరు ఆదివారం టీవీలో వచ్చిన మాట ఆయమ్మ టీవీకి చెప్పింది కాదు. నన్ను నమ్మి, కడుపులో పెట్టుకోమని చెప్పింది. నేను కోసి పెట్టినా. పైన నవ్వు గూడా నేనే వేసినా. నువ్వే పెట్టినావని చెప్పప్పా అని నన్ను అడిగింది. నేను చెప్పలా. అమ్మా, మీ ఇంటి మాట ఆయమ్మ ఎప్పుడూ బయట పెట్టలేదు. మీరు తలుపు మూయాల్సింది నాకు."

వెనక వరసలో ఒకామె లేచి నిలబడింది. నాయకుడు ముందుకు వంగి, "ఇంక చాల్లేప్పా, ఇప్పుడెందుకు అవన్నీ" అన్నాడు మెల్లగా. మైకు బల్ల మీద పెట్టేసి ఆమె భర్త ముందుకు పోయాను. ఆయన తలెత్తి చూశాడు.

"అన్నా, ఆమె తప్పేమీ లేదు. చేసింది నేను. చెప్పమని అడిగితే చెప్పకుండా దాంకున్నా. ఆమె ఉన్నప్పుడు ఆమె కాళ్ల దగ్గర చెప్పాల్సింది నీకు చెప్తాండా. తప్పయింది. నన్ను క్షమించు."